ళ అంటే ముప్పై మూడు: పర్లాకిమిడి ప్రాజెక్టు డైరీ

ఎందుకు మొదలైంది

మా బాబాయి నలభై ఏళ్ళు పర్లాకిమిడిలో అర్జీలు రాసి బతికారు. తహసీలు కచేరీ గోడ పక్కన మడత బల్ల, రెండు పెన్నులు, ఒక స్కేలు. ఒడియాలో కావలసిన వాళ్ళకు ఒడియాలో, తెలుగులో కావలసిన వాళ్ళకు తెలుగులో రాసిచ్చేవారు. 1936లో ఒడిశా రాష్ట్రం ఏర్పడినప్పుడు మా ఊరు ఇటు వచ్చింది, పాతపట్నం అటు ఉండిపోయింది. పొలం ఒక రాష్ట్రంలో, వాటాదారులు మరో రాష్ట్రంలో ఉన్న కుటుంబాలు ఇప్పటికీ ఉన్నాయి. అలాంటి కాగితాలకు బాబాయి చేతిరాత పెట్టింది పేరు.

నీటికాసులు ఆ చేతిరాతను తీసుకుపోయాయి. చూపు అంచుల నుంచి లోపలికి మూసుకుంటూ వచ్చి, పోయిన దీపావళి నాటికి దీపం ఎటువైపు ఉందో మాత్రమే తెలిసే స్థితికి చేరింది. ఫోనులో మాట చెబితే రాసే సదుపాయం చూపించాను. పది నిమిషాలు వాడి ఫోను పక్కన పెట్టేశారు.

"నేను చెప్పింది అది రాస్తుంది, సరే. అది ఏమి రాసిందో నేను ఎలా చూసుకోవాలి? తిరిగి చదవకుండా ఒక్క కాగితమైనా సంతకానికి ఇచ్చానా ఎప్పుడైనా?"

ఆ మాటే నోటుబుక్కు మొదటి పేజీలో రాసుకున్నాను. చదివి వినిపించే యంత్రం కాదు కావలసింది. బాబాయి తాను రాసినదాంట్లో తప్పును తానే పట్టుకుని, తానే దిద్దుకోవాలి. నేను పక్క గదిలో ఉన్నా, అసలు ఊళ్ళోనే లేకపోయినా.

సరంజామా: నాలుగు జీబీ ర్యామ్ ఉన్న పాత ల్యాప్‌టాప్, అంకెల మీటలు విడిగా ఉన్న యూఎస్‌బీ కీబోర్డు, ఒక చిన్న స్పీకరు. ఆపరేటింగ్ సిస్టం లినక్స్, అందులో డెబియన్ 12 రకం. డెస్క్‌టాప్‌గా 'మాటే' (MATE) అనేది. ఆఫీసు పనికి లిబ్రెఆఫీస్, తెర చదవడానికి ఓర్కా. విండోస్ మీద తెర చదివే ఎన్వీడీయే కూడా ఉచితమే, మన దేశంలో చూపు లేనివాళ్ళు ఎక్కువగా దాన్నే వాడతారు. అయితే ఈ ముసలి ల్యాప్‌టాప్ కొత్త విండోస్‌ను మోయలేదు. పైగా నాకు చేతనైనది లినక్స్. చెడిపోతే రాత్రి పూట బాగుచేయవలసింది నేనే కదా.

మొదటి ఆదివారం

ఇన్‌స్టాల్ చేసింది నేను కాదు, బాబాయే. డెబియన్ పెన్‌డ్రైవ్ నుంచి లేచి మెనూ రాగానే ఒక బీప్ వినిపిస్తుంది. అప్పుడు ఎస్ నొక్కి ఎంటర్ కొడితే తక్కిన ఇన్‌స్టలేషన్ అంతా మాటల్లో సాగుతుంది. ప్రశ్న అడుగుతుంది, వికల్పాలను అంకెలతో సహా చదువుతుంది, అంకె కొట్టి ఎంటర్ నొక్కాలి. గొంతు ఇంగ్లీషుది, యాస మరీ కటువు. బాబాయి ఒక్కో ప్రశ్ననూ రెండుసార్లు విన్నారు. డిస్కును పంచే చోట మాత్రం నా చేయి ముందుకు వెళ్ళింది. "చేయి తీయ్" అన్నారు. చూడకుండానే ఎలా తెలిసిందో!

ఈ దారిలో ఇన్‌స్టాల్ చేయడంలో ఒక లాభం ఉంది. డెస్క్‌టాప్ మొదటిసారి తెరుచుకునే సరికే ఓర్కా మాట్లాడుతూ ఉంటుంది. మామూలుగా ఇన్‌స్టాల్ చేసి, తర్వాత దాన్ని ఎక్కడ వెతికి ఆన్ చేయాలో చూపున్నవాడు చెప్పాల్సిన అవసరం ఉండదు.

సాయంత్రానికి ఒక తేడా బయటపడింది. ప్రతి వాక్యానికీ తల తెగిపోతోంది. కాస్త మౌనం తర్వాత ఏ మాట వచ్చినా మొదటి అక్షరం వినిపించడం లేదు. విద్యుత్తు ఆదా కోసం సౌండ్ కార్డు నిద్రపోతోంది, లేచేలోపు సగం మాట దాటిపోతోంది. పాట వినేవాడికి ఇది పట్టదు. ప్రతి మీటకూ ఒక ముక్క వినవలసిన మనిషికి మాత్రం చిత్రహింస. సౌండ్ డ్రైవరులో పవర్ సేవ్ విలువను సున్నా చేసి రీబూట్ చేశాక తలలన్నీ తిరిగి అతుక్కున్నాయి.

మంగళవారం, బుధవారం (ఒకే తప్పు)

డెస్క్‌టాప్ మాట్లాడుతోంది. మామూలు టెక్స్ట్ ఎడిటర్ మాట్లాడుతోంది. లిబ్రెఆఫీస్ రైటర్ తెరిస్తే కిటికీ పేరు చెప్పి ఊరుకుంటోంది. అక్షరం కొట్టినా, బాణం మీట నొక్కినా మౌనమే.

ఈ మౌనాన్ని ఎలా వెతకాలో రాసుకోవడం అవసరం, మళ్ళీ వస్తుంది కాబట్టి. తెర మీది మాట చెవి దాకా రావడానికి నాలుగు బల్లలు దాటాలి, కచేరీలో అర్జీ దాటినట్టే. మొదటి బల్ల లిబ్రెఆఫీస్. తనలో ఏముందో, కర్సర్ ఎక్కడుందో ఏటీ-ఎస్‌పీఐ అనే పద్ధతిలో, డీ-బస్ అనే దారి మీదుగా బయటికి చెప్పవలసింది అది. రెండో బల్ల ఓర్కా. ఆ సమాచారం అందుకుని, ఏది చెప్పాలో, ఏది చెప్పనక్కరలేదో తేల్చి వాక్యం చేస్తుంది. మూడోది స్పీచ్ డిస్పాచర్, వచ్చిన వాక్యాలను వరుసలో పెట్టి పంపే గుమస్తా. నాలుగోది ఈస్పీక్ ఎన్‌జీ, అంటే గొంతు. అర్జీ ఆగితే చివరి బల్ల నుంచి వెనక్కి అడుగుతూ రావాలి. ముందు ఈస్పీక్‌ను నేరుగా పలికించాను, పలికింది. స్పీచ్ డిస్పాచర్ ద్వారా పలికించాను, పలికింది. ఓర్కా మిగతా చోట్ల మాట్లాడుతూనే ఉంది. అంటే మొదటి బల్ల దగ్గరే కాగితం కదలలేదు.

రాత్రి పదకొండింటికి లిబ్రెఆఫీస్‌లో హెల్ప్, అబౌట్ తెరిచాను. కిటికీలను ఏ సరంజామాతో గీస్తున్నదో చెప్పే వీసీఎల్ అనే వరుసలో జీటీకే3 ఉండవలసిన చోట ఎక్స్11 ఉంది. అప్పుడు గుర్తొచ్చింది నా ఘనకార్యం. డిస్కులో చోటు తక్కువని సోమవారం రాత్రి రాతకు రైటర్, లెక్కల పట్టికలకు కాల్క్ తప్ప ఆఫీసు ముక్కలన్నీ పీకేశాను. పీకిన వాటిలో లిబ్రెఆఫీస్‌ను జీటీకే3తో కలిపే ప్యాకేజీ కూడా పోయింది. అది లేకపోతే లిబ్రెఆఫీస్ ఏమీ ఫిర్యాదు చేయదు, పాత సాదా రూపంలో తెరుచుకుంటుంది. కంటికి కొంచెం మోటుగా కనిపిస్తుంది, అంతే. కానీ ఆ రూపానికి ఏటీ-ఎస్‌పీఐతో మాటల్లేవు. చూపున్నవాడికి అందం తగ్గిన చోట చూపు లేనివాడికి ప్రోగ్రామే మాయమైంది. ఒక్క ప్యాకేజీ మళ్ళీ వేసి తెరవగానే ఓర్కా "డాక్యుమెంట్" అంటూ అందుకుంది.

రెండు రోజులు పోయాయి. బాబాయికి తప్పు నాదేనని చెప్పాను. "అందుకే రాసింది తిరిగి చదవాలనేది" అన్నారు.

గురువారం: గొంతు

ఓర్కా సెట్టింగుల్లో ఇంగ్లీషు తీసి ఈస్పీక్ తెలుగు పెట్టాను. మనిషి గొంతును రికార్డు చేసి అతికించిన గొంతు కాదిది, సూత్రాలతో ధ్వనిని పుట్టిస్తుంది. అందుకే ప్రోగ్రాము చాలా చిన్నది, పాత యంత్రంలోనూ మీట నొక్కిన మరుక్షణం పలుకుతుంది. తీపి ఉండదు. మొదటి వాక్యం విన్న పిన్ని వంటింట్లోంచి వచ్చి, "ఎవరమ్మా ఈవిడ, జలుబు చేసిందా?" అని అడిగింది.

బాబాయికి నాలుగు రోజుల్లో అలవాటైంది. వారం తిరిగేసరికి వేగం యాభై నుంచి డెబ్భైకి పెంచమన్నారు. నాకు ఇప్పుడు సగం అర్థం కాదు. ఆయన మాత్రం వింటూనే కాఫీ కలుపుకుంటున్నారు.

ఇక్కడ నేను ఊహించనిది ఒకటి జరిగింది. పాత అలవాటు కొద్దీ బాబాయి అర్జీని "తమ దివ్య సముఖమునకు సవినయముగా విన్నవించుకొనునది ఏమనగా" అని మొదలుపెట్టి ఎనిమిది పంక్తుల దాకా ఒకే వాక్యం నడిపించారు. కంటితో చదివేటప్పుడు వెనక్కి వెళ్ళి కర్తను వెతుక్కోవచ్చు. ఈస్పీక్ ఆ వాక్యాన్ని ఊపిరి తీయకుండా చదివేసరికి, చివరి క్రియ దగ్గరకు వచ్చేలోపు మొదటి మాట ఆయన చెవిలోంచి జారిపోయింది. మూడుసార్లు విన్నారు. తర్వాత ఆ వాక్యాన్ని అయిదు ముక్కలు చేశారు. "కొనునది", "ఏమనగా" ఎగిరిపోయాయి.

"గిడుగు వారు ఈ ఊళ్ళోనే పాఠాలు చెప్పేవారట. సవరల భాష నేర్చుకోవడానికి కొండల్లో తిరిగి, జ్వరానికి క్వినైను మింగి మింగి చెవులు పోగొట్టుకున్నారు. మాట్లాడేటట్టు రాయండని ఆ చెవిటాయన మొత్తుకుంటే మా కచేరీ వాళ్ళం వినలేదు. ఇన్నాళ్ళకు ఈ జలుబు గొంతు వినిపించింది" అన్నారు బాబాయి.

రెండో ఆదివారం: కీబోర్డు

తెలుగు టైపింగుకు మొదట ఐబస్ అనే మధ్యవర్తి ప్రోగ్రాము వేసి, ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు వచ్చే పద్ధతి పెట్టాను. నాకు అదే అలవాటు. ఆయనకు పనికిరాలేదు. కొట్టిన ఇంగ్లీషు ముక్క ఇంకా తెలుగుగా మారకముందే ఓర్కా దాన్ని పలుకుతుంది, మారాక ఒకసారి పలుకుతుంది, ఒక్కోసారి పలకదు. చెవితో రాసేవాడికి మధ్యలో మారే అక్షరం ఉండకూడదు. కొట్టిందే రావాలి.

ఇన్‌స్క్రిప్ట్ అనే కీబోర్డు అమరికకు మారాం. లినక్స్‌లో ఇది కీబోర్డు లేఅవుట్‌గానే ఉంటుంది, మధ్యవర్తి ప్రోగ్రాము అక్కరలేదు. బాబాయి యువకుడిగా ఇంగ్లీషు టైపు లోయర్ పాసయ్యారు. నాకు ఆ సంగతే తెలియదు. ఎఫ్, జే మీటల మీద ఉండే చిన్న గీతలు తడమగానే పది వేళ్ళూ వాటంతట అవే వాటి చోట్లలో కూర్చున్నాయి. ఎఫ్ మీద గుడి, డీ మీద పొల్లు, జే మీద ర. అచ్చులు, గుణింతాలు ఎడమ చేతికి, హల్లులు ఎక్కువ భాగం కుడి చేతికి. మూడు రోజుల్లో తన పేరు, ఊరు పేరు, ఆరు రోజుల్లో చిరునామా.

అసలు సంబరం ఒడియా దగ్గర. ఇన్‌స్క్రిప్ట్‌లో భారతీయ లిపులన్నిటికీ ఒకే అమరిక. తెలుగులో క వచ్చే మీటకే ఒడియాలోనూ క వస్తుంది, ల మీటకే ల. లిపి వేరైనా వేళ్ళ నడక మారదు. ఒక్క కీబోర్డు నేర్చుకుని రెండు భాషలు రాయవచ్చునని తెలిసినప్పుడు ఆయన చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత గబగబా "గజపతి జిల్లా" అని తెలుగులో ఒకసారి, ఒడియాలో ఒకసారి కొట్టారు.

ఒక చిక్కు: ప్రస్తుతం ఏ లేఅవుట్ ఉందో చెవికి చెప్పేవాళ్ళు లేరు. తెర మూలన చిన్న గుర్తు మారుతుంది, అంతే. మూడు షార్ట్‌కట్లు పెట్టాను. ఒక్కొక్కటీ ఒక్కో లేఅవుట్‌కు మార్చి, దాని పేరు పలుకుతుంది. ఆ స్క్రిప్టులో మొదట నేను చేసిన పొరపాటు: మార్చిన ప్రతిసారీ కీబోర్డు పటాన్ని మొత్తంగా తిరగరాశాను. క్యాప్స్ లాక్‌ను ఓర్కా మీటగా, అంటే ఓర్కా ఆజ్ఞల్లో కలిపి నొక్కే మీటగా, వాడుకుంటున్న ఏర్పాటు దాంతో చెరిగిపోయి, ఓర్కా ఆజ్ఞలు పనిచేయడం మానేశాయి. మూడు లేఅవుట్లనూ లాగిన్ సమయంలోనే ఎక్కించి, వాటి మధ్య వంతు మాత్రమే మార్చేటట్టు సరిచేశాను.

నమ్ లాక్ ఆన్‌లో ఉంటే అంకెల మీటల మీది ఓర్కా ఆజ్ఞలు పనిచేయవు, కాగితంలో అంకెలు పడతాయి. ఈ ఒక్క మీట మా ఇంట్లో ఎన్ని తగాదాలు పెట్టిందో చెప్పలేను. చివరికి దాని మీద బియ్యపు గింజ అతికించాను.

కల్లు

పరీక్షగా మొదటి నిజమైన కాగితం రాద్దామన్నారు. తన దివ్యాంగ ధ్రువపత్రం కోసం తానే రాసుకునే అర్జీ. ముప్పావు గంటలో పూర్తి చేశారు. అంకెల వైపున్న ప్లస్ నొక్కి మొత్తం చదివించుకున్నారు, తృప్తిపడ్డారు. ప్రింటు తీశాను. చదివాను. ఏమి చేయాలో తెలియక నిలబడిపోయాను.

"నాయొక్క రెండు కల్లు పోయినవి."

నవ్వాపుకోవడానికి దగ్గు నటించాను. ఆయన పట్టేశారు. చెప్పాక ఆయన కూడా నవ్వారు, కానీ ఆ నవ్వు ఎక్కువసేపు లేదు. ల ఎన్ మీట మీద, ళ అదే మీటకు షిఫ్ట్ కలిపితే వస్తుంది. షిఫ్ట్ సరిగా పడలేదు. అయితే బాధ టైపింగు తప్పు గురించి కాదు, తాను రెండుసార్లు విని కూడా పట్టుకోలేకపోవడం గురించి. డెబ్భై వేగంలో ఈ గొంతు కళ్ళు, కల్లు ఇంచుమించు ఒకేలా పలుకుతుంది. అక్షరదోషాల తనిఖీ కూడా కాపాడలేదు. కల్లు తప్పు మాట కాదుగా, అందులోనూ మన వైపు.

ఆ రాత్రి ప్రాజెక్టు ఇక్కడితో ఆగిపోయిందనుకున్నాను. మొదటి పేజీలో రాసుకున్న మాట నెరవేరలేదు మరి.

మర్నాడు ఓర్కా ఆజ్ఞల జాబితా ఒక్కొక్కటే పరీక్షిస్తూ పోయాను. అంకెల మీటల్లో 2 నొక్కితే ఉన్న చోటి అక్షరాన్ని పలుకుతుంది. వెంటవెంటనే రెండుసార్లు నొక్కితే ఇంగ్లీషు అక్షరాలకైతే ఆల్ఫా, బ్రావో అంటూ గుర్తు మాట చెబుతుంది. మూడుసార్లు నొక్కితే ఆ అక్షరం యూనికోడ్ సంఖ్య, అంటే కంప్యూటర్లలో ఆ అక్షరానికి కేటాయించిన నంబరు, చెబుతుంది. ఈ మూడోది ప్రోగ్రాములు రాసేవాళ్ళ కోసమని ఇన్నాళ్ళూ దాటేసిపోయాను.

ల 0సీ32. ళ 0సీ33.

గొంతు ఎంత తడబడినా ముప్పై రెండుకూ ముప్పై మూడుకూ పొరపాటు పడదు. బాబాయిని కూర్చోబెట్టి చూపించాను. కల్లు దగ్గరకు వెళ్ళారు. మూడుసార్లు నొక్కారు: ముప్పై రెండు. దిద్దారు, మళ్ళీ నొక్కారు: ముప్పై మూడు. ఇంకోసారి నొక్కారు, ఊరికే.

"మిగతావి చెప్పు" అన్నారు. న ఇరవై ఎనిమిది, ణ ఇరవై మూడు. శ, ష, స వరుసగా ముప్పై ఆరు, ఏడు, ఎనిమిది. ఈ ఏడు సంఖ్యలు కంఠస్థం చేయడానికి ఆయనకు సాయంత్రం దాకా కూడా పట్టలేదు. రేషన్ కార్డు నంబర్లు, సర్వే నంబర్లు గుర్తుపెట్టుకున్న తల అది.

"ఒడియా ళ ఎంత?" అని అడిగారు పడుకోబోయే ముందు. చూసి చెప్పాను: 0బీ33. లేచి కూర్చున్నారు. అది కూడా ముప్పై మూడేనా? యూనికోడ్‌లో మన లిపుల వరుసను 1988 నాటి ఇస్కీ అనే భారతీయ ప్రమాణాన్ని బట్టి అమర్చారు, అందుకే తెలుగు గదిలోనూ ఒడియా గదిలోనూ ఒకే ధ్వనికి ఒకే చోటు. ముందున్న సీ, బీ గది పేర్లు, వెనకున్న అంకె కుర్చీ నంబరు. ఇలా చెబితే ఆయన, "మరి ఎనభై ఏళ్ళుగా ఈ రెండు రాష్ట్రాల వాళ్ళు ఎందుకు కొట్టుకుంటున్నారురా" అని దుప్పటి కప్పుకున్నారు.

దిద్దుబాటు గురించి మరో ముక్క. బాణం మీట నొక్కితే కర్సర్ "ళ్ళు" మొత్తాన్ని ఒకే అడుగులో దాటుతుంది. డిలీట్ నొక్కితే ముందున్న "ళ్ళు" అంతా పోతుంది. బ్యాక్‌స్పేస్ మాత్రం వెనక నుంచి ఒక్కో ముక్కే తీస్తుంది: ముందు కొమ్ము, తర్వాత వత్తుగా ఉన్న ళ, తర్వాత పొల్లు. చూపున్న నేను ఈ తేడా ఎన్నడూ గమనించలేదు. బాబాయికి ఇది వరమైంది. చివరి గుణింతం ఒక్కటే తప్పయితే మాట మొత్తం చెరపకుండా ఒక బ్యాక్‌స్పేస్‌తో సరిచేస్తున్నారు.

చిల్లర పనులు, మూడో వారం

రైటర్‌లో తెలుగు, ఒడియా రెండూ సంక్లిష్ట లిపుల ఖాతాలోకి వస్తాయి. వాటి ఫాంటు, పరిమాణం, భాష ఇంగ్లీషు వాటికి విడిగా నిర్ణయించాలి. లేకపోతే తెర మీద ఒక లెక్క, తనిఖీలో మరో లెక్క.

తెలుగు అక్షరదోషాల తనిఖీ వేశాను. మన భాషలో ప్రత్యయాలు ఒకదాని మీద ఒకటి ఎక్కి కూర్చుంటాయి, నిఘంటువుకు అవన్నీ తెలియవు. ప్రతి మూడో మాటా తప్పేనని ఓర్కా సణుగుతుంటే రెండో రోజే కట్టేయించారు. నేనైనా అదే చేసేవాణ్ణి.

శీర్షికలకు కంట్రోల్ 1, మామూలు పేరాకు కంట్రోల్ 0. ఏ అక్షరానికి ఏ ఫాంటు, ఎంత పరిమాణం, బొద్దుగా ఉందో లేదో తెలియాలంటే ఓర్కా మీటతో ఎఫ్. మెనూ, టూల్‌బార్లు, కాగితం మధ్య తిరగడానికి ఎఫ్6. మౌసును బీరువాలో పెట్టేశాం.

ఒక పాత మిత్రుడు తన దగ్గరున్న నమూనా అర్జీల ఫైళ్ళు ఇచ్చారు. అన్నీ యూనికోడ్ కాని పాత డీటీపీ ఫాంట్లలో ఉన్నాయి. తెర మీద చక్కటి తెలుగు, ఓర్కా చెవిలో పోస్తున్నది ఇంగ్లీషు అక్షరాల ఇసుక. ఆ ఫాంట్లు లోపల ఇంగ్లీషు అక్షరాల చోట్లలోనే తెలుగు బొమ్మలు పెట్టుకుంటాయి మరి. కంటిని మోసం చేయగలిగాయి. ఏడింటిని బాబాయి తానే కొత్తగా టైపు చేసుకున్నారు. నేను చదువుతుంటే ఆయన రాశారు. ఈ ఒక్క పనిలో మాత్రం నా కళ్ళు అవసరమయ్యాయి.

ఒడియా కాగితానికి ఓర్కాలో మరో ప్రొఫైల్ చేశాను, ఈస్పీక్ ఒడియా గొంతుతో. తెలుగు గొంతుకు ఒడియా లిపి ఇస్తే పొంతన లేని ముక్కలు పలుకుతుంది. ప్రొఫైల్ మార్చే ఆజ్ఞకు మొదట మీటేదీ కేటాయించి ఉండదు, మనమే ఇవ్వాలి. ఇచ్చాను.

నాలుగో వారం: చందాల పద్దు

మా వీధి రామమందిరం చందాల లెక్క బాబాయిదే. చూపు పోయాక నేను చూస్తున్నాను. దాన్ని కాల్క్‌లో పెట్టాం: పేరు, నెల, ఇచ్చింది, బాకీ.

మొదట్లో గళ్ళ మధ్య నడుస్తుంటే "150, డీ17" అని వినిపించేది. డీ అంటే ఏమిటో ఎవరికి గుర్తుంటుంది? శీర్షికల వరుస మీద నిలబడి ఓర్కా మీటతో ఆర్ నొక్కితే, ఆ తర్వాత పక్క గడికి జరిగినప్పుడు దాని శీర్షిక కూడా చెబుతుంది. పేర్ల నిలువు వరుసకు అలాగే సీ. అప్పటి నుంచి పద్దు పద్దులా వినిపిస్తోంది.

షీటులోని గళ్ళన్నిటినీ ఎంపిక చేసే కంట్రోల్ ఏ మాత్రం నొక్కవద్దని గట్టిగా చెప్పాను, నేనే నొక్కి ఇరవై నిమిషాలు పోగొట్టుకున్నాక. కాల్క్ షీటులో 10,48,576 అడ్డు వరుసలు. లిబ్రెఆఫీస్ 7.4 నుంచి నిలువు వరుసలు 16,384. గుణిస్తే గళ్ళు 1,717 కోట్లు దాటుతాయి. ఏటీ-ఎస్‌పీఐ పద్ధతిలో ఒక పట్టికలోని గళ్ళను లెక్కపెట్టడానికి వాడే 32 బిట్ల సంఖ్యకు గరిష్ఠం 214 కోట్ల చిల్లర. మన పద్దులో ఉన్నవి నలభై ఇళ్ళు. కంట్రోల్ హోమ్ నొక్కి, తర్వాత కంట్రోల్ షిఫ్ట్ ఎండ్ నొక్కితే రాసినంత మేరకే ఎంపికవుతుంది, యంత్రమూ బతికిపోతుంది.

శనివారం ఆయన పద్దు మొత్తం ఒంటరిగా విన్నారు. సాయంత్రం నేను రాగానే, "ఆశ్వయుజం కూడిక నువ్వు చేత్తో రాశావు" అన్నారు. కాల్క్‌లో గడిలో సూత్రం ఉంటే ఓర్కా ఆ సంగతి కూడా చెబుతుంది. అన్ని నెలల మొత్తాల దగ్గరా ఫార్ములా ఉందని చెప్పి, ఆ ఒక్క చోట ఊరికే అంకె చెప్పింది. తొందరలో నేను ఫోనులో కూడి అంకె వేసేశాను. ఆ తర్వాత ఇద్దరు ఇచ్చిన చందా మొత్తంలో కలవలేదు. మూడు నెలలుగా ఆ పద్దు నా కళ్ళ ముందే ఉంది.

350 రూపాయలు. కమిటీకి ఆయనే చెప్పారు, నా పేరు చెప్పకుండా.

ఈ వారం

మిగిలిన పనులు ఆయనే చెప్పి నాచేత రాయించారు. ప్రింటు కిటికీలో పేజీల సంఖ్య గడి దగ్గర ఓర్కా తికమక పడుతోంది. బ్రెయిలీ నేర్పేవాళ్ళు బరంపురంలో ఉన్నారేమో కనుక్కోవాలి. డెబియన్ 13కు మారడం: అందులో ఓర్కా 48, లిబ్రెఆఫీస్ 25.2 ఉన్నాయి, కంట్రోల్ ఏ మొండితనం తగ్గిందేమో చూడాలి. అయితే ఇప్పుడు పనిచేస్తున్నదాన్ని కదపడానికి ఆయన ఒప్పుకోవడం లేదు. సంక్రాంతి వెళ్ళాక చూద్దామన్నారు.

నిన్న సాయంత్రం కరెంటు పోయింది. ల్యాప్‌టాప్ బ్యాటరీ మహా అయితే పది నిమిషాలు ఆగుతుంది. అది కూడా అయిపోయింది. నేను మెట్ల మీద ఉన్నాను. బాబాయి పాతపట్నం వైపు మనిషి ఒకరికి వారసత్వపు అర్జీ రాస్తున్నారు, రెండో పేజీలో. తనంతట తాను భద్రపరిచే వ్యవధిని పది నిమిషాల నుంచి రెండుకు తగ్గించి ఉంచాను, దానికి ఇంతకాలం పరీక్ష ఎదురుకాలేదు.

ఎనిమిదింటికి కరెంటు వచ్చింది. లోపలి నుంచి యంత్రం లేచిన శబ్దం, తర్వాత జలుబు గొంతు. ఫైలును తిరిగి తెప్పించనా అని అడిగే కిటికీని ఆ గొంతు చదవడం విన్నాను. వెళ్దామా అనుకుని ఆగాను. ఎంటర్ చప్పుడు. కాసేపు చదువు. పోయింది ఒక్క వాక్యమేనట, దాన్ని మళ్ళీ కొడుతున్నారు. కాసేపటికి ఒకే మీట మీద మూడు దెబ్బలు, వెంట వెంటనే.

"0సీ33" అంది గొంతు.

"ఆ" అన్నారు బాబాయి, దానితోనే.